పాకెట్టు మీది పేరు – కొనేవారి మనసు

ఏటా సంఘాల సర్వసభ్య సమావేశాలలో తప్పకుండా వినవచ్చే ప్రశ్న ఒకటి ఉన్నది. లెక్కలు చదవడం పూర్తయి, బోనసు సంగతి తేలిన తరువాత, వెనుక వరుసలో నుండి ఎవరో ఒక పెద్దాయన లేచి అడుగుతాడు: "మేము పోసేవి పాలు. మీరు పట్నంలో అమ్మేవీ పాలే. మధ్యన ఆ బొమ్మల పాకెట్లకూ, గోడల మీద రాతలకూ, టీవీలో ఆటపాటలకూ ఇంత ఖర్చు దేనికండీ? ఆ డబ్బేదో లీటరుకు అర్ధరూపాయి చొప్పున మాకే ఇవ్వరాదా?"

ప్రశ్న న్యాయమైనదే. "ప్రచారం లేనిదే వ్యాపారం లేదు" అని చెప్పి ఆయనను కూర్చోబెట్టడం మంచి జవాబు కాదు. పాలు పోసే సభ్యుడు తాగేవారిని ఎన్నడూ చూడడు. తాగేవారు పోసిన వారిని చూడరు. ఈ ఇద్దరి మధ్య మిగిలేది పాకెట్టు మీది పేరొక్కటే. ఆ పేరు చూసినప్పుడు పట్నంలోని ఇల్లాలి మనసులో ఏమి కదులుతుంది? పక్కనే ఉన్న విదేశీ కంపెనీ డబ్బాను చూస్తే ఏమనుకుంటుంది? వాటి మధ్యకు దొంగ మార్కా డబ్బా వచ్చి చేరితే ఏమవుతుంది? ఇవి తెలిస్తే పెద్దాయన ప్రశ్నకు జవాబు చాలావరకు దొరుకుతుంది.

నాలుకకు అలవాటైనదే రుచి

సరకు మంచిదైతే పేరు దానంతట అదే వస్తుందని మనలో చాలామంది నమ్మకం. సగమే నిజం. ఆ మిగిలిన సగం ఎలా ఉంటుందో ఆనంద్ వారి వెన్న కథ చెబుతుంది.

గుజరాత్ లోని ఖేడా జిల్లా రైతుల పాలు ఒకప్పుడు పోల్సన్ అనే కంపెనీ చేతిలో ఉండేవి. ఆ కంపెనీ 1930లో ఆనంద్ లో డెయిరీ పెట్టింది. 1945లో బొంబాయి నగరానికి పాలు తోలే పథకం వచ్చినప్పుడు సేకరణ హక్కు కూడా దానికే దక్కింది. లాభం నగరంలో, నష్టం పల్లెలో అన్నట్లు జరిగింది. 1946 జనవరి 4న సమర్ఖా గ్రామంలో రైతులు సమావేశమై పాలు పోయడం మానివేశారు. ఆ సంవత్సరం డిసెంబరు 14న ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం రిజిస్టరయింది. త్రిభువన్ దాస్ పటేల్ నాయకత్వం వహించారు. 1949లో వర్గీస్ కురియన్ ఆనంద్ చేరారు. ఇదంతా మన సభ్యులు శిక్షణ తరగతులలో విన్నదే. అక్కడ సాధారణంగా చెప్పనిది ఆ తరువాతి సంగతి.

సహకార సంఘం వారు సొంతంగా వెన్న తీసి, అమూల్ అని పేరు పెట్టి, బొంబాయి బజారులో పోల్సన్ పక్కన పెట్టారు. తాజా మీగడతో తీసిన వెన్న. అయినా కొనేవారికి నచ్చలేదు. చప్పగా ఉన్నదన్నారు! కురియన్ తన ఆత్మకథలో దీనికి కారణం చెప్పారు. పోల్సన్ వారు మీగడను కొన్ని రోజులు పులియనిచ్చి వెన్న తీసేవారు. ఆ పులిసిన మీగడ వాసనే వెన్న వాసన అని నగరం వారి నాలుక నేర్చుకొన్నది. తాజా వెన్న వారికి వెన్నలా తోచలేదు. దానికి తోడు గేదె పాల వెన్న తెల్లగా ఉంటుంది. పచ్చని వెన్నకు అలవాటు పడిన కంటికి అది కొవ్వులా కనిపిస్తుంది.

సంఘం వారు ఏమి చేశారు? "మాదే అసలు వెన్న, మీ నాలుకే తప్పు" అని వాదించి కూర్చోలేదు. చట్టం అనుమతించిన మేరకు సువాసన ద్రవ్యం, ఉప్పు, రంగు చేర్చి, అలవాటైన రుచికి దగ్గరగా తెచ్చారు. నేటికీ అమూల్ వెన్నకు పచ్చదనం ఇచ్చేది మన ప్రాంతంలోనూ పండే జాఫ్రా గింజల రంగే. ఆ తరువాత 1966లో చుక్కల గౌను వేసుకొన్న చిన్నపిల్ల బొమ్మ వచ్చింది. సిల్వెస్టర్ డా కున్హా ప్రకటనల సంస్థ తయారు చేసిన బొమ్మ అది. ఊళ్లో జరిగే ప్రతి సంగతి మీదా ఒక చమత్కారం విసురుతూ ఇంటిపిల్ల అయిపోయింది. పోల్సన్ పేరు క్రమంగా బజారులోంచి పోయింది. బొంబాయి మాటల్లో మాత్రం కొంతకాలం నిలిచింది. ఎవరినైనా కాకా పట్టడాన్ని "పోల్సన్ రాయడం" అనేవారట. ఒక కంపెనీకి ఇంతకంటె వింత స్మారకం ఉండదు.

మనం ఇక్కడ గ్రహించవలసినది, కొనేవారి వైఖరి ప్రయోగశాల నివేదిక మీద ఏర్పడదు. మొదట నాలుకకు తగిలిన రుచి, ఇంట్లో అమ్మ వాడిన డబ్బా, ఎదురింటావిడ చెప్పిన మాట, ధర, డబ్బా మెరుపు ఇవన్నీ కలిసి ఒక అభిప్రాయం ఏర్పడుతుంది. ఒకసారి ఏర్పడితే అది తేలికగా కదలదు.

సీమ సరకు, నాటు సరకు

పేర్ల మీద మన మోజు ఎలా మారుతూ వచ్చిందో మన భాషే చెబుతుంది. ఓడల మీద వచ్చినదానికీ, కొత్తగా కనిపించినదానికీ ముందు "సీమ" చేర్చాము. సీమచింత, సీమసున్నం అలా వచ్చిన మాటలే. (రాయలసీమ సభ్యులు కోపగించుకోవద్దు, ఇది ఆ సీమ కాదు.) సీమ సరకు అంటే నాణ్యమైనది, దొరలు వాడేది. "నాటు" అంటే మోటైనది. నేడు కోళ్ల దుకాణం దగ్గర నిలబడి చూడండి. నాటు కోడికి బ్రాయిలర్ కంటె ఎక్కువ ధర పెట్టి, అది నిజంగా నాటుదేనా అని రెండుసార్లు అడిగి మరీ కొంటున్నారు. మాట మారలేదు, దాని వెనుక ఉన్న గౌరవం మారింది.

ఈ మోజును శాస్త్రీయంగా పరిశీలించిన వారున్నారు. స్టీన్ కాంప్, బాత్రా, ఆల్డెన్ అనే ముగ్గురు పరిశోధకులు 2003లో ప్రచురించిన వ్యాసంలో, ఒక మార్కా ప్రపంచమంతటా అమ్ముడవుతున్నదని కొనేవారు అనుకొంటే చాలు, దాని నాణ్యత మీదా, గొప్పతనం మీదా వారి అంచనా పెరుగుతుందని చూపించారు. సరకు మారనక్కర లేదు, అది లోకమంతా తిరుగుతున్నదన్న భావన చాలు. దానికి ఎదురు ధోరణి కూడా ఉన్నది. 1987లో షింప్, శర్మ అనే పరిశోధకులు, పరాయి దేశపు సరకు కొనడం తప్పు, మనవారి పొట్ట కొట్టినట్లు అని భావించే కొనుగోలుదారులు ఎందరో ఉంటారనీ, ఆ భావన ఎంత గట్టిదో కొలవవచ్చుననీ ప్రశ్నల పట్టిక తయారు చేసి చూపారు. అమెరికాలో అమెరికన్ల మీద చేసిన పరిశీలన అది. స్వదేశీ అభిమానం మన సొత్తు మాత్రమే కాదన్నమాట.

ఇద్దరిలో ఎవరు చెప్పింది నిజం? నా మటుకు నాకు తోచేది, సరకును బట్టి రెండూ నిజమే. తన కంటితో, నాలుకతో తేల్చుకోలేని సరకు విషయంలో మనిషి దూరపు పేరును నమ్ముతాడు. గడియారం, యంత్రం, మందు, పసిపిల్ల డబ్బా పాలు అలాంటివి. తాజాగా ఉండవలసిన సరకు విషయంలో దగ్గరి పేరును నమ్ముతాడు. పాలు, పెరుగు, కూరగాయలు ఈ వర్గంలోవి.

డబ్బా పాల సంగతే చూడండి. 1950ల నాటికి మన దేశంలో పసిపిల్లల పాలపొడి అంటే గ్లాక్సో. బొద్దుగా ఉన్న పిల్లవాణ్ణి గ్లాక్సో బేబీ అని ముద్దు చేసేవారు. గేదె పాలతో పాలపొడి సాధ్యం కాదని అప్పట్లో విదేశీ నిపుణుల అభిప్రాయం. ఆనంద్ లో దలయా అనే ఇంజనీరు అది సాధ్యమని చేసి చూపారు. 1955 అక్టోబరు 31న నెహ్రూ ప్రారంభించిన డెయిరీలో ఆ పొడి తయారయింది. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ గేదె పాలతో పసిపిల్లల ఆహారం తయారుచేసే పద్ధతిని రూపొందించింది. అయినా తల్లులు వెంటనే నమ్మలేదు. నమ్మనందుకు వారిని తప్పు పట్టగలమా? పసిపిల్ల నోటికి పెట్టేది. అక్కడ ప్రయోగాలు ఎవరు చేస్తారు? ఇల్లిల్లూ మెల్లగా మారవలసి వచ్చింది. మన ఇళ్లలో గ్లాక్సో బేబీ పోయి "అమూల్ బేబీ" అనే మాట వచ్చేసరికి ఎన్నో ఏళ్లు పట్టింది. (పసిబిడ్డకు తల్లిపాలకు మించినది లేదన్నది వేరే చెప్పనక్కర లేదు. ఏ డబ్బా గొప్పదన్న తగువు దాని తరువాతదే.)

గట్టిపాల డబ్బా విషయంలో కురియన్ చెప్పుకొన్న అనుభవం మరొకటి ఉన్నది. 1956లో స్విట్జర్లాండు వెళ్లి నెస్లే కంపెనీ వారితో, మీరు మా దేశంలో మా పాలతోనే ఆ డబ్బా తయారు చేయండి, మావారికి పని నేర్పండి అని అడిగారట. అంత సున్నితమైన పనిని స్థానికుల చేతుల్లో పెట్టలేమని అక్కడి అధికారి జవాబట. కొద్ది సంవత్సరాలలోనే ఆనంద్ వారు అది తయారు చేశారు. "స్థానికుల చేతుల్లో పెట్టలేం" అన్నది ఒక అధికారి అహంకారమే కావచ్చు. కాని కొనేవారి మనసులోనూ అదే మాట మరో రూపంలో ఉండేదని మరువరాదు. మనవాళ్లు చేస్తే ఎంత బాగుంటుందిలే అని కొట్టు ముందు నిలబడి మనమే అనుకొన్న రోజులు అవి.

ఇక తాజా సరకు. 2023 ఏప్రిల్ లో అమూల్ వారు బెంగళూరులో పాలు, పెరుగు అమ్ముతామని ప్రకటించగానే కన్నడిగులు "మా నందినిని కాపాడుకొందాం" అని లేచారు. నందిని కర్ణాటక పాల సమాఖ్య మార్కా. బెంగళూరు హోటళ్ల సంఘం నందిని పాలే వాడాలని పిలుపు ఇచ్చింది. ఆలోచిస్తే ఇందులో పెద్ద విచిత్రం ఉన్నది. అమూల్ విదేశీ కంపెనీ కాదు. అదీ రైతుల సహకార సంఘమే. ఆనంద్ లో ఇంటిపిల్ల అయిన ఆ పేరే బెంగళూరులో పరాయిది అయింది. అదే అమూల్ 2024లో మిచిగాన్ పాల ఉత్పత్తిదారుల సహకార సంఘంతో కలిసి అమెరికాలో తాజా పాలు అమ్మడం మొదలుపెడితే, అక్కడ స్థిరపడిన మన తెలుగు పిల్లలకు అది ఇంటి నుండి వచ్చిన సరకు. "స్థానికం" అనేది సరకులో ఉండదు, చూసేవారు నిలబడిన చోటులో ఉంటుంది.

అయితే నందిని మీది అభిమానమంతా భాషాభిమానమే అనుకోవడం కూడా పొరపాటు. నందిని పాలు అమూల్ పాల కంటె ధర తక్కువ. తెల్లవారేసరికి వీధి చివర దొరుకుతాయి. ఈ రెండూ లేకపోతే ఆ అభిమానం ఎన్నాళ్లు నిలిచేదో చెప్పలేము. మన సమాఖ్యలు గుర్తుంచుకోవలసిన మాట ఇది. అభిమానం మొదటి పాకెట్టు కొనిపిస్తుంది, రెండవది పాలే కొనిపించాలి.

అదే 2023 మార్చిలో పెరుగు పాకెట్ల మీద "దహీ" అన్న మాట ప్రధానంగా ఉండాలన్న నియమం మీద తమిళనాట పెద్ద అభ్యంతరం వచ్చింది. ఆ నెలాఖరులో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ తన ఆదేశం సవరించి, ఏ ప్రాంతం వారు ఆ ప్రాంతపు మాట వేసుకోవచ్చునన్నది. అందులో మన "పెరుగు" కూడా ఉన్నది. పెరుగులో తేడా ఏమీ లేదు. మాటకే అంత బలం.

డాల్డా నేర్పిన పాఠం

ఇప్పుడు నెయ్యి సంగతికి వద్దాం. నకిలీల కథ అంతా ఇక్కడే ఉన్నది.

1937లో లీవర్ అనే విదేశీ కంపెనీ మన దేశంలో డాల్డా అనే వనస్పతిని ప్రవేశపెట్టింది. అప్పటికే వనస్పతి దిగుమతి చేసుకొనే డాడా అనే సంస్థ పేరులో లీవర్ వారి "ల" కారాన్ని ఇరికించి ఆ పేరు కట్టారు. పచ్చటి డబ్బా, దాని మీద తాటిజాతి చెట్టు బొమ్మ. మన ఇల్లాలు నెయ్యిని ఎలా పరీక్షిస్తుందో ఆ కంపెనీ బాగా చదువుకొన్నది. మనవారు చూసేది రెండే, పూస కట్టినదా లేదా, కమ్మని వాసన వేస్తున్నదా లేదా. వనస్పతిని నెయ్యిలాగే పూసపూసగా గడ్డకట్టేటట్లు తయారు చేశారు. నెయ్యి కొనలేనివారికి అది చవకలో దొరికింది. పేరు ఎంతగా పాకిందంటే, ఏ కంపెనీ వనస్పతినైనా మనం నేటికీ డాల్డా అనే పిలుస్తాము.

డాల్డాను డాల్డాగా అమ్మినంతవరకు అది మోసం కాదు. దాన్ని నేతిలో కలిపి నెయ్యిగా అమ్మడం మోసం. ఆ మోసం దేశమంతా పాకింది. వనస్పతిని నిషేధించాలని స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో పెద్ద ఆందోళన జరిగింది. నిషేధం రాలేదు కాని, ఒక తెలివైన ఉపాయం వచ్చింది. వనస్పతి తయారీదారులు అందులో నూటికి 5 వంతులకు తక్కువ కాకుండా నువ్వుల నూనె కలిపి తీరాలని నిబంధన పెట్టారు. కారణం ఇది: నువ్వుల నూనె ఉన్న కొవ్వుకు గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, కొంచెం పంచదార లేదా ఫర్ఫ్యూరాల్ చేర్చి కుదిపితే ఆమ్లం ఎర్రబారుతుంది. దీనినే బొదువాఁ పరీక్ష అంటారు. అనగా దొంగ మెడలో ముందే గంట కట్టారన్నమాట. నేతిలో డాల్డా కలిస్తే గంట మోగుతుంది. నేటి కల్తీదారులు పామాయిల్, ఇతర కొవ్వులు వాడుతున్నందున ఆ ఒక్క గంట చాలదు. ప్రయోగశాలలో ఆర్.ఎం. విలువ వంటివి కూడా చూడవలసి వస్తున్నది.

డాల్డా వచ్చిన 1937లోనే వ్యవసాయ సరకుల శ్రేణీకరణ, మార్కింగు చట్టం వచ్చింది. దాని నుండి పుట్టినదే అగ్మార్క్ ముద్ర. ప్రైవేటు పేరును నమ్మలేని చోట ప్రభుత్వ ముద్రను నమ్మమన్నారు. నేతి డబ్బా మీద ఎర్ర చీటీయా ఆకుపచ్చ చీటీయా అని చూసి కొనడం ఒక తరం ఇల్లాళ్లకు బాగా తెలుసు. ఇంతకూ ఆ ముద్రకూ నకిలీ వచ్చింది, అది వేరే సంగతి!

నకిలీలో రెండు రకాలు

పట్నం ఫుట్ పాత్ మీద పెద్ద కంపెనీ పేరున్న వాచీ నాలుగు వందలకు అమ్ముతుంటారు. కొనేవాడికి అది నకిలీ అని తెలుసు. తెలిసే కొంటాడు. నలుగురిలో మణికట్టు మెరిస్తే చాలు. గ్రాస్ మన్, షపీరో అనే ఆర్థికవేత్తలు 1988లో ఈ తేడాను స్పష్టంగా చెప్పారు. కొనేవాడికి తెలిసిన నకిలీ ఒకటి, తెలియని నకిలీ ఒకటి. మొదటిదానిలో మోసపోయేది చూసేవారు. రెండవదానిలో మోసపోయేది కొన్నవాడే. అందువలన వైఖరులు కూడా వేరు. వాచీ నకిలీని నవ్వుతూ చూపించే మనిషే, నెయ్యి నకిలీ అని తెలిస్తే మండిపడతాడు.

పాల సరకులలో ఉన్నదంతా రెండవ రకమే. తెలిసి దొంగ నెయ్యి కొనేవారు ఎవరూ ఉండరు. 2021 డిసెంబరులో మైసూరు శివార్లలో నందిని నెయ్యి పేరుతో దొంగ సరకు తయారవుతున్న గోదాము బయటపడింది. 2024 అక్టోబరులో అమూల్ వారు దొంగ నెయ్యి గురించి బహిరంగ హెచ్చరిక చేశారు. ఆ హెచ్చరికలోని ఒక విషయం చదివి నేను కాసేపు ఆలోచనలో పడ్డాను. దొంగ సరకు వస్తున్నది ఒక లీటరు రీఫిల్ పాకెట్టులో. ఆ పాకెట్టును అమూల్ వారే మూడేళ్లకు పైగా తయారు చేయడం లేదు! అసలువారు మానివేసిన రూపంలో నకిలీవారు అమ్ముతున్నారు, జనం కొంటున్నారు. ఎందుకంటే కొనేవారి కంటికి పాత పాకెట్టే అలవాటు. పోల్సన్ వెన్న వాసన నాలుకకు అలవాటయినట్లే ఇదీను. నకిలీవాడు సరకును అనుకరించడు, మన అలవాటును అనుకరిస్తాడు.

ఇందులో అసలువారికి జరిగే నష్టం అమ్మకం పోవడం ఒక్కటే కాదు. దొంగ నెయ్యి తిని వాంతి చేసుకొన్న ఇల్లాలు "ఎవడో దొంగ చేశాడు" అనుకోదు. డబ్బా మీద ఉన్న పేరునే తిడుతుంది. ఎదురింటావిడకు చెబుతుంది. ఆమె తన చెల్లెలికి చెబుతుంది. తప్పు చేసినవాడికి పేరు లేదు కనుక పేరు పోదు. పేరున్న వాడికే పోతుంది.

నేరుగా నకిలీ కాకుండా, పేరును పోలిన పేరు పెట్టుకోవడం మరొక దారి. ఒక అక్షరం మార్చడం, ముందో వెనుకో ఒక మాట తగిలించడం, రంగులు అవే వాడడం. కొన్ని తగువులు కోర్టుకు వెళ్లాయి. గుజరాత్ లో ఒక కట్ పీసు బట్టల దుకాణం, ఒక కళ్లద్దాల దుకాణం కూడా అమూల్ అని పేరు పెట్టుకొనగా 2007లో గుజరాత్ హైకోర్టు తప్పన్నది. కెనడాలో అమూల్ పేరు, గుర్తు వాడుకొన్న వారి మీద 2021లో అక్కడి ఫెడరల్ కోర్టు తీర్పు ఇచ్చింది. కాని ప్రతి తగువూ సంఘాలకు అనుకూలంగా పోదు. కర్ణాటక సమాఖ్య 1985 నుండి నందిని పేరు వాడుతున్నది. బెంగళూరులో ఆంధ్రా భోజనానికి పేరుపడిన నంధిని డీలక్స్ హోటళ్లు 1989 నుండి ఉన్నాయి. 2018లో సుప్రీంకోర్టు, హోటలు వేరు, పాలు వేరు, కామధేనువు కూతురి పేరు ఒక్కరి సొత్తు కాదు అన్న ధోరణిలో హోటలు వారికే అనుకూలంగా చెప్పింది. దేవుళ్ల పేర్లు, శుభం పలికే పేర్లు పెట్టుకొనే మన సంఘాలన్నిటికీ ఇది తెలియవలసిన తీర్పు.

మన "విజయ" సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఒకనాడు ఉమ్మడి రాష్ట్రమంతటికీ ఒకే సమాఖ్య కింద ఉన్న పేరు అది. జిల్లా యూనియన్లు విడివడడం, 2014లో రాష్ట్రం రెండు కావడం జరిగిన తరువాత ఒకటి కంటె ఎక్కువ సహకార సంస్థలు ఆ పేరుతో అమ్ముతున్నాయి. తెలంగాణ సమాఖ్య "విజయ తెలంగాణ" అని వేసుకొంటున్నది, కృష్ణా యూనియన్ "విజయ" అని అమ్ముతున్నది. ఇందులో ఎవరూ నకిలీ కారు. కాని కొనే ఇల్లాలికి ఈ చరిత్ర తెలియదు. ఆమెకు విజయ ఒక్కటే. ఒక చోట పెరుగు పుల్లనైతే ఆ మచ్చ అందరికీ అంటుకొంటుంది.

పేరు పుట్టేది పాల కేంద్రం గడపలో

1970లో జార్జ్ అకర్లాఫ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త ఒక చిన్న వ్యాసం రాశారు. అమ్మేవాడికి సరకు సంగతి తెలిసి, కొనేవాడికి తెలియని బజారులో మంచి సరకు క్రమంగా మాయమవుతుందని చూపారు. పాత కార్ల బజారు ఆయన ఉదాహరణ. మన దేశపు ఇల్లాళ్లు బజారు బియ్యంలో రాళ్లు ఏరుకొనే సంగతి కూడా అందులో ఉన్నది. 2001లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. పాల బజారు దానికి చక్కని ఉదాహరణ అని రాబర్ట్ క్లిట్ గార్డ్ అనే మరొకరు 1991లో వచ్చిన తన పుస్తకంలో చూపారు. మన దేశపు సహకార డెయిరీల ఉదాహరణే తీసుకొన్నారు.

లెక్క వేసి చూద్దాం. ఒకాయన దగ్గర 40 లీటర్ల గేదె పాలు ఉన్నాయి, వెన్న నూటికి 7 వంతులు. తేలిక కోసం లీటరును కిలోగా లెక్కిస్తే అందులో వెన్న 2.8 కిలోలు. రెండు లీటర్ల నీళ్లు చేర్చాడు. ఇప్పుడు 42 లీటర్లు. కంటికి తేడా తెలియదు. లీటరుకు ఇంత అని చెల్లించే వ్యాపారికి పోస్తే రెండు లీటర్ల నీళ్లకు పాల ధర వచ్చింది. పక్కన నీళ్లు కలపని రైతు వెర్రివాడయ్యాడు. నాలుగు నెలల్లో అతడూ కలుపుతాడు. ఇక కొనేవాడు, ఎలాగూ నీళ్ల పాలే కదా అని ధర తగ్గిస్తాడు. ధర తగ్గితే ఇంకొన్ని నీళ్లు. అకర్లాఫ్ చెప్పినది ఇదే.

అవే పాలు వెన్న పరీక్ష ఉన్న సంఘంలో పోస్తే? పరీక్షలో వెన్న 7 వంతుల నుండి సుమారు 6.67 వంతులకు దిగుతుంది. 42 లీటర్లలో ఉన్నది అదే 2.8 కిలోలు. వెన్నకు చెల్లించే చోట నీళ్లు మోసిన శ్రమ తప్ప మిగిలేది ఏమీ లేదు. పైగా లాక్టోమీటరు, ఎస్.ఎన్.ఎఫ్. లెక్క పట్టిస్తాయి. గెర్బర్ గొట్టంలో ఆమ్లం పోసి తిప్పే రోజుల నుండి నేటి యంత్రం దాకా, ఆ పరీక్ష చేసిన పని ఇది. నీళ్లు కలపడంలోని లాభాన్ని తీసివేసింది. అప్పుడే పట్నంలో పాకెట్టు మీద పేరు వేసి, ఇవి ఇంత వెన్న ఉన్న పాలు అని చెప్పడానికి ధైర్యం వచ్చింది. పరీక్ష లేకుండా పేరు వేస్తే అది మరొక రకం నకిలీయే.

కనుక సమావేశంలో లేచిన పెద్దాయనకు నా జవాబు ఇది. పాకెట్టు మీది రంగులకు పెట్టే ఖర్చు గురించి ఆయన నిలదీయవలసిందే. అవసరం లేని ఆర్భాటం ఎక్కడైనా ఉంటుంది, ప్రకటనల ఖర్చు లెక్క సభ్యులకు చూపించడం పాలకవర్గం విధి. కాని పేరే అక్కర లేదంటే మాత్రం, ఆయన పాలు మళ్లీ పేరు లేని పాల బజారుకే పోతాయి. అక్కడ ధర ఎవరు నిర్ణయిస్తారో ఆయనకు నాకంటె బాగా తెలుసు.

సభ్యుల చేతిలో ఉన్న పనులు

దొంగ మార్కాల మీద చట్టాలు లేకపోలేదు. 1999 ట్రేడ్ మార్కుల చట్టం కింద ఆరు నెలల నుండి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నది. 2006 ఆహార భద్రత చట్టం కింద వేరే శిక్షలు ఉన్నాయి. అయితే పోలీసులు వెళ్లేది ఎవరో చెప్పిన తరువాతే. చెప్పగలిగేవారిలో మొదటివారు మనమే. మన కూతుళ్లు, కొడుకులు, చుట్టాలు పట్నంలో ఉన్నారు. కొట్లో మన నెయ్యి మామూలు కంటె బాగా చవకగా కనిపిస్తే, అచ్చు మసకగా ఉంటే, 14 అంకెల లైసెన్సు నంబరు గాని, బ్యాచ్ నంబరు గాని, తేదీ గాని లేకపోతే, బిల్లు అడిగి తీసుకొని, డబ్బా ఫొటోతో సహా యూనియన్ కార్యాలయానికి పంపమని వారికి చెప్పండి. వినియోగదారుల జాతీయ సహాయ నంబరు 1915కు కూడా చెప్పవచ్చు.

ఖాళీ నేతి డబ్బాల సంగతి చాలామంది పట్టించుకోరు. నకిలీవాడికి అచ్చు వేయించే ఖర్చు కూడా లేకుండా చేసేవి అవే. పాత సామాన్లవాడికి వేసే ముందు డబ్బాకు సుత్తితో రెండు సొట్టలు పెట్టండి, అట్టపెట్టె అయితే పేరు మీదుగా చింపండి. పెళ్లిళ్లకు, అన్నదానాలకు పెద్ద డబ్బాలు కొన్నవారు వంటవాళ్లకు ఈ మాట ముందే చెప్పి ఉంచాలి. వంద డబ్బాలు ఒకే రోజున ఒకే చోట ఖాళీ అయ్యేది అక్కడే.

సంఘం కార్యదర్శులు తమ ఊళ్లో మన మార్కా సరకు అమ్మే కొట్ల పట్టిక రాసి, ఆ సరకు ఏ ఏజెంటు దగ్గర నుండి వస్తున్నదో పక్కన వేసి, వచ్చే నెల పాల బిల్లులతో పాటు యూనియన్ కు పంపాలి. పట్టికలో లేని చోట నుండి సరకు వస్తున్నట్లు తెలిస్తే విచారణ అక్కడి నుండి మొదలవుతుంది.